పొయ్యి మీది చెయ్యి

తెల్లవారుతూనే మునెమ్మ చేసే మొదటి పని పొయ్యి అలకడం. రాత్రి బూడిద ఎత్తి పారబోసి, ఎర్రమన్నులో ఇంత పేడ కలిపి, పాత గుడ్డతో పొయ్యి చుట్టూ, గట్టు మీదా పల్చగా పూసేది. అది ఆరేలోగా వాకిట్లోకి పోయి కళ్లాపి చల్లి ముగ్గు వేసి వచ్చేది. వచ్చేసరికి పొయ్యి గట్టు మీద ఒక అరచేతి గుర్తు పడి ఉండేది. ఆడపిల్ల కుడిచెయ్యి. అయిదు వేళ్లూ విడివిడిగా, అరచేతి గీతలతో సహా.

మునెమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూసేది. ఆమె కుడిచేతికి ముగ్గుపిండి అంటుకుని ఉంటుంది కాబట్టి ఎడమచేతిని ఆ గుర్తు మీద ఆనించేది. తర్వాత అగ్గి రాజేసి ఎసరు పెట్టేది. ఎసరు మరిగేసరికి మన్ను ఆరిపోయి, పొగ పట్టి, గుర్తు కనిపించకుండా పోయేది. మర్నాడు పొద్దున మళ్లీ పడేది.

కాణిపాకంలో ఈ సంగతి తెలియని మనిషి లేడు, తెలిసి ఆశ్చర్యంతో నోరు తెరిచిన మనిషీ లేడు. ఆ ఊరి దేవుడి సంగతే అంత. బావిలో వెలసిన వినాయకుడు రాయి అయ్యుండీ ఏటికేడాది పెరుగుతాడని, ఎప్పుడో చేయించిన వెండి తొడుగు ఇప్పుడు ఆయనకు పట్టదని పిల్లల దగ్గర్నుంచి అందరూ చెబుతారు. రాయి పెరిగే ఊళ్లో మన్ను మీద ఒక చెయ్యి పెరిగితే ఎవరికేం వింత? పొద్దున్నే నిప్పుకని వచ్చిన అమ్మలక్కలు పొయ్యి వంక చూసి, “ఈ ఏటికి వేళ్లు బాగా సాగినాయే మునెమ్మా” అని, నిప్పు తీసుకుని పోయేవాళ్లు.

ఆ చెయ్యి మునెమ్మ కూతురు పంకజానిది.

పంకజానికి నాలుగేళ్లప్పుడు కార్తీకమాసంలో తిరుచానూరు అమ్మవారి ఉత్సవాలకు తీసుకుపోయారు. బయలుదేరే రోజు పొద్దున ఆ పిల్ల పచ్చి పొయ్యి మీద అరచెయ్యి గట్టిగా ఒత్తి, చూడమని పిలిచింది. బస్సు తప్పిపోతుందని మునెమ్మ విసుక్కుని దాన్ని చెరిపి మళ్లీ అలికింది. ఆ సాయంత్రం ఏనుగు వాహనం మీద అమ్మవారు వీధిలోకి వచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం. మునెమ్మ ఎడమచేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. వాహనం ఎదురుగా రాగానే అందరితో పాటు ఆమె రెండు చేతులూ జోడించింది. జోడించాలంటే పట్టుకున్నది వదలాలి కదా. కళ్లు మూసుకుని, “ఈ బిడ్డను నువ్వే సూసుకో తల్లీ” అని ఒక్కమాట అనుకుంది. కళ్లు తెరిచేసరికి పక్కన పిల్ల లేదు.

సత్రాలన్నీ తిరిగారు. పోలీసులకు చెప్పారు. మైకులో పిలిపించారు. కోనేటి మెట్ల మీద మొగుడూ పెళ్లాం తిండీ నిద్రా లేకుండా కూర్చున్నారు. చివరికి ఊరు చేరిన మర్నాడు పొయ్యి అలికి ముగ్గు వేసి వచ్చేసరికి, గట్టు మీద తాను చెరిపేసిన చెయ్యే మళ్లీ పడి ఉంది.

మొదట్లో మునెమ్మ ఆశగానే చూసింది. అత్త నాగరత్నమ్మ మాత్రం ఎరుకల ఆమెను పిలిపించి సోది అడిగింది. పిల్లను కోనేటి నీళ్లు మింగాయని, కన్నెమ్మగా ఇంటికి తిరిగొచ్చిందని ఆమె చెప్పింది. పెళ్లి కాకుండా పోయిన ఆడపిల్ల ఇంటి దేవత అవుతుందని ఆ వైపు నమ్మకం. నాగరత్నమ్మ గయ్యాళి ఏమీ కాదు. మనవరాలు ఏ దిక్కున ఏడుస్తూ ఉందోనని రోజూ కుమిలే కంటే, పొయ్యి గట్టున చల్లగా కూర్చుందనుకోవడం ఆ ముసలి ప్రాణానికి సులువైంది. పైగా చచ్చినవాళ్ల చెయ్యి పెరగదు కదా అని అనుమానించడానికి ఆ ఊళ్లో వీలే లేదు. దేవుళ్లన్న తర్వాత పెరుగుతారు మరి.

అప్పటి నుంచి ఏటా ఏనుగు వాహనం నాడు పొయ్యి ముందర పావడ, పసుపు, గాజులు పెట్టి పొంగలి వండి మొక్కేవాళ్లు. ఊరి ఆడవాళ్లు కూడా వచ్చి కోరికలు చెప్పుకునేవాళ్లు. ఒకామెకు తప్పిపోయిన బర్రె దొరికింది. ఇంకొకామె కూతురికి కాన్పు సులువైంది. ఊరందరి మొక్కులూ తీర్చిన చెయ్యి కన్నతల్లి మొక్కు ఒక్కటి తీర్చలేదు. ఇక ఆ ఇంటివాళ్లు మళ్లీ తిరుచానూరు గడప తొక్కలేదు. పేరెత్తితేనే మునెమ్మ అక్కణ్నుంచి లేచిపోయేది. పిల్లనడిగితే అచ్చు ఇచ్చిన దేవతతో ఆమెకు ఇంకేం మాట? ఎవరు హారతి తెచ్చినా కుడిచేత్తో కళ్లకద్దుకునేది అంతే. రెండు చేతులూ కలిపేది కాదు.

కానీ పొద్దున ముగ్గు ముగించి పొయ్యి దగ్గరికి మాత్రం పరుగున వచ్చేది. కొన్ని రోజులు ఆ గుర్తు వణికినట్టు చెదిరి ఉండేది. అలాంటి రోజు ఆమెకు అన్నం దిగేది కాదు. ఒకోసారి మధ్యాహ్నం గుడి ముందు తమ కొబ్బరికాయల అంగట్లో కూర్చుని ఉండగా, ఎవరో చిన్నవేళ్లతో తన ఎడమచేతి చిటికెనవేలు పట్టుకున్నట్టు తోచి ఉలిక్కిపడేది. ఆ వేలికి చివరి కణుపు లేదు. పెళ్లయిన కొత్తలో కొబ్బరికాయ కొట్టబోతే కత్తికి పోయింది. చిన్నప్పుడు పంకజం ఎప్పుడూ ఆ మొండివేలు పట్టుకునే నడిచేది.

ఏళ్లు గడిచాయి. పొయ్యి మీది చెయ్యి దాదాపు మునెమ్మ చెయ్యంత అయ్యింది.

ఆ ఏడు కార్తీకంలో గాజుల కాశింవలి అలవాటు ప్రకారం పొద్దున్నే వచ్చాడు. చిత్తూరులో ఉంటాడు. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. గుర్తు ఆరకముందే చూడాలి కాబట్టి ఏటా ఆ వేళకే వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, చేతి వెడల్పుకు సరిపోయే గాజులు ఏరి ఇచ్చేవాడు. ఎర్రగాజులు ఒక జత తీసి మునెమ్మ చేతిలో పెడుతూ, పాతవన్నీ ఏం చేశారని ఊరికే అడిగాడు.

“పెట్టెలో ఉండాయన్నా. ఏ ఏటివి ఆ ఏటికి దారం కట్టి పెట్టినాము.”

“ఒగటీ పగల్లేదా?”

“దేవత గాజులు ఎట్ల పగల్తాయన్నా?”

“అదీ నిజమేలే. ఏసుకుండే చెయ్యైతే గదా పగిలేది” అని, అతను మలారం సర్దుకుని లేచిపోయాడు. ఏదో మనసులో పెట్టుకుని అన్న మాట కాదది. బేరం అయిపోయాక ఎవరైనా అనే మాటే.

మునెమ్మకు మాత్రం ఆ మాట ముల్లు గుచ్చుకున్నట్టు గుచ్చుకుంది. ఆ పొద్దున ఆమె ఎసరు పెట్టకుండా గుర్తునే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లూ చెయ్యి పెరిగిందా లేదా అన్నదే చూసింది గానీ, ఆ చెయ్యి ఏం చేస్తోందో ఎప్పుడూ చూడలేదు. చూపుడువేలి పక్కన సన్నటి గాడి ఒకటి కనిపించింది. దారం కోసుకుపోయి కోసుకుపోయి చర్మం గట్టిపడితే పడే గాడి. అలాంటిది ఆమె రోజూ చూస్తూనే ఉంది. అంగట్లో పక్కనే కూర్చుని అరటినారతో పూలు కట్టే రుక్మిణమ్మ వేలికి అదే గాడి.

పరుగున పోయి రుక్మిణమ్మను పిలుచుకొచ్చి, ఆమె వేలు పచ్చిమన్నులో ఒత్తించింది. రెండు గాడులూ పక్కపక్కన పడ్డాయి. రుక్మిణమ్మకు ఏమీ అర్థం కాక, కన్నెమ్మ పక్కన తన వేలేమిటని భయపడి లెంపలు వేసుకుంది.

“దేవతలు కట్టిన పూలు పెట్టుకుంటారు గానీ, కూర్చోని పూలు కట్టరు గదా రుక్మిణీ” అంది మునెమ్మ.

మొగుడు గురప్పకు చెప్పింది. అతను కొబ్బరికాయ పీచు ఒలుస్తూ అంతా విన్నాడు. పూలు కట్టేవాళ్లు ఎక్కడ లేరు, ఏ ఊరని వెతుకుతావు అన్నాడు. పోయిన చోటనే వెతుకుతానని ఆమె చెప్పింది. అతను ఇంకో కాయ అందుకున్నాడు.

“మళ్లా ఆడికి పోయి, మళ్లా ఉత్తచేతుల్తో బస్సెక్కేదానికి నాకు సత్తువ లేదు మునెమ్మా.”

నాగరత్నమ్మ అయితే గట్టిగానే అడ్డం పడింది. ఇంట్లో ఉన్న దేవతను నమ్మకుండా వీధుల్లో వెతికితే కన్నెమ్మకు కోపం వస్తుందని, ఉన్న గుర్తు కూడా పోతుందని, అప్పుడు ఏం చూసుకుని బతుకుతావని అడిగింది. మునెమ్మ భయమూ అదే. ఆ తడిమన్ను మీది చెయ్యి తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేం మిగిలింది? అదీ పోతే పొద్దున లేవడానికి కారణమే ఉండదు.

అయినా ఏనుగు వాహనం నాడు పొద్దున గుర్తు మీద ఎడమచెయ్యి ఎప్పటికంటే ఎక్కువసేపు ఆనించి, కొత్త గాజులు కొంగున ముడి వేసుకుని, ఒక్కతే చిత్తూరు బస్సు ఎక్కింది. అక్కడ తిరుపతి బస్సు. తిరుపతిలో దిగి తిరుచానూరుకు జట్కా.

ఊరు మారిపోయింది. లాడ్జీలు లేచాయి. జనం మాత్రం అదే జనం, అరటిపండ్లూ కర్పూరమూ కలిసిన వాసన కూడా అదే. గుడి ముందు వీధికి రెండు వైపులా పూలమ్మేవాళ్లు బారులు తీరి ఉన్నారు. మునెమ్మ ఒక్కొక్క గంప ముందు ఆగి, పూలు బేరం చేస్తున్నట్టుగా చేతుల వంక చూసింది. ముసలమ్మల చేతులు, పడుచుల చేతులు, అన్నిటికీ చూపుడువేలిన అదే గాడి ఉంది. వీధి పొడుగునా ఉన్న చేతులన్నీ ఆమె పొయ్యి మీది చేతులే. పేరు పెట్టి పిలిచినా ఏ ఒక్కరూ తల తిప్పలేదు.

మధ్యాహ్నానికి కోనేటి మెట్ల మీద కూలబడింది. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. సోది ఆమె చెప్పిందే నిజమేమో, ఈ నీళ్ల అడుగునే ఉందేమో అనిపించి ఆమెకు ఏడుపు ఆగలేదు. గుడి గోపురం వైపు తిరిగింది.

“నేను చేతులు జోడించను తల్లీ” అంది నోరు విప్పి. “ఒగసారి జోడించి సూసినా. నిన్ను తిట్టినా, నీ ఊరు తొక్కనంటి. అంతా నిజమే. ఇప్పుడు ఊరికే అడగతా ఉండా. నా బిడ్డను సూపించు.”

ఏమీ జరగలేదు. గంట మోగలేదు, బల్లి పలకలేదు. పక్కన ఎవరో పిల్లాడికి గుండు గీయించి తెచ్చి తల కడుగుతున్నారు. మునెమ్మ ముక్కు చీదుకుని లేచింది. ఎంత కోపం ఉన్నా ముత్తైదువ అమ్మవారి వీధిలో తలలో పువ్వు లేకుండా తిరగకూడదని, మెట్ల పక్కనే ఉన్న గంప దగ్గరకి పోయి ఒక మూర కనకాంబరాలు అడిగింది. గంప వెనకాల ఒక ముసలామె చెంబులో నీళ్లు తీసి పూల మీద చల్లుతోంది. ఒక పడుచుపిల్ల తల వంచుకుని పూలదండ మోచేతి నుంచి వేళ్లదాకా కొలిచి తుంచింది. మునెమ్మ కుడిచేత్తో కొంగులోని గాజుల ముడిని గట్టిగా పట్టుకుని ఉంది. అందుకని ఎడమచెయ్యి చాపింది.

“పూలు ఎడంచేత్తో తీసుకుంటారామ్మా?” అంటూ ఆ పిల్ల తల ఎత్తబోయి, చాపిన చేతి దగ్గరే ఆగిపోయింది. చిటికెనవేలు చూసింది. పూలు పక్కన పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూసింది. గీతల మీద వేలు పెట్టి, తెలిసిన దారిలో నడిచినట్టు చివరిదాకా పోయింది.

“అవ్వా” అని వెనక్కి పిలిచింది. “మన పొయ్యి మీది చెయ్యి.”

ముసలామె పేరు చెంగమ్మ. ఆమె వచ్చి మునెమ్మ చెయ్యి చూసింది, మొహం చూసింది, గంప పక్కనే కూర్చుండిపోయింది.

“ఇన్నాళ్లూ అమ్మవారి చెయ్యనుకుంటి” అంది. “పొద్దున పొయ్యి అలికితే సాలు, ఈ చెయ్యి పడేది. అమ్మవారికి వేలెందుకు లేదో, ఎడంచెయ్యి ఎందుకు పెడతాదో నాకు తెలవలా.”

తేరు నిలిపే కొట్టం వెనక ఏడుస్తూ కనిపించిన పిల్లను ఆ రాత్రికని ఇంటికి తెచ్చింది చెంగమ్మ. మర్నాడు మైకులో పిలుస్తుంటే విన్నది కూడా.

“నాకు పిల్లాజెల్లా లేరు. బిడ్డ నా మెడ పట్టుకోని నిద్రపోతా ఉండె. తలుపేసుకుంటి. వాళ్లు ఊరిడిసి పోయినారని విన్న మర్నాడు పొయ్యి మీద ఈ చెయ్యి పడింది. అమ్మవారు సరే అనిందనుకుంటి. నాకెట్ల కావాల్నో అట్లనుకుంటి.”

మునెమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోనేటి మెట్ల మీద తాను గొంతు పోయేలా ఏడ్చిన రోజులు, పొయ్యికి పావడలు కట్టిన రోజులు అన్నీ ఒక్కసారిగా మీదికి వచ్చాయి. ఆ ముసలిదాని చెంప పగలగొట్టాలని చెయ్యి లేవబోయింది. లేవలేదు. పిల్ల ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. మొండివేలిని గుప్పిట్లో పెట్టుకుని ఉంది, నాలుగేళ్లప్పటిలాగానే.

“రోజూ పొద్దున దీని మీద నా చెయ్యి పెట్టి, ఆ పైన పూలకు కూర్చుంటా” అని చెప్పింది ఆ పిల్ల. “పెట్టకుంటే ఆ పొద్దంతా ఏం తోచేది కాదు.”

బిడ్డను చూసుకోమని అమ్మవారిని అడిగింది మునెమ్మే. ఆ తల్లి తన వీధిలోనే, తన పూల గంప దగ్గరే కూర్చోబెట్టి చూసుకుంది. అంతటితో ఊరుకోకుండా పొద్దున పొద్దునా ఈ చేతిలో ఆ చెయ్యి పెడుతూనే ఉంది. పట్టుకున్నది ఎవరి చెయ్యో తెలియక తామే దాన్ని దేవతను చేసి దణ్ణం పెట్టారు. కొంగుముడి విప్పి ఎర్రగాజులు తీసింది. ఇన్నేళ్లలో మొదటిసారి అవి ఒక చేతికి ఎక్కాయి. సరిగ్గా సరిపోయాయి.

సాయంత్రం ఏనుగు వాహనం వచ్చింది. వీధి వీధంతా చేతులు జోడించింది. మునెమ్మ జోడించలేదు. కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుని నిలబడి అమ్మవారిని కళ్లారా చూసింది.

ఆ రాత్రి చెంగమ్మ ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారి చెంగమ్మ పొయ్యి అలికి, ముగ్గు వేసి వచ్చి చూస్తే గట్టు మీద ఏమీ లేదు. ముసలామె ఆ ఖాళీ మన్ను వంకే చూస్తూ కూర్చుంది. అవ్వకు కళ్లు సరిగా ఆనవని, వారానికొకసారైనా వచ్చి చూసిపోతానని పంకజం చెప్పింది. మునెమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆ ఒక్కపొద్దులో అంతకంటే ఆమె వల్ల కాలేదు.

ఇల్లు చేరేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. లోపల పొయ్యి ముందు నాగరత్నమ్మ తల విరబోసుకుని కూర్చుని ఉంది. పొద్దున తానే పొయ్యి అలికిందట. ఎంతసేపు చూసినా చెయ్యి పడలేదు. గురప్ప గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“వొద్దంటే ఇంటివా?” అంది నాగరత్నమ్మ తల ఎత్తకుండానే. “కన్నెమ్మ ఇల్లిడిసి పాయె.”

“పోలేదత్తా. బస్సులో వచ్చింది” అంది మునెమ్మ. వెనకాల నిలబడ్డ పిల్లను ముందుకు తెచ్చింది. “పొద్దున్నించి ఏం తినలేదు. ముందు ఇంత అన్నం పెట్టు.”

గురప్ప గోడ పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. నాగరత్నమ్మ మనవరాలి చెయ్యి అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గీతలన్నీ చూసి, ఆ చేతిలోనే మొహం దాచుకుని పసిపిల్లలాగా ఏడ్చింది. వాకిట్లో ఆడవాళ్లు అలవాటు కొద్దీ పంకజానికి దణ్ణాలు పెట్టేశారు. రుక్మిణమ్మ అయితే, “తల్లీ, మా కోడలికి నెల తప్పేతట్టు...” అని సగం మొక్కి, సిగ్గుపడి నాలుక కరుచుకుంది.

పంకజం ఆకలి మీద ఉంది, కడుపునిండా తింది. తిన్న కంచం తీసుకుని పెరట్లోకి పోయి తొట్టి దగ్గర కడుగుతుంటే, చెయ్యి రాతికి తగిలి గాజు ఒకటి పగిలింది. టప్పుమని ఇల్లంతా వినిపించింది.

గాజు పగలడం మంచిది కాదని ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మునెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఏ గుర్తూ లేని ఎర్రమన్ను ఆరి ఉంది. తెరిచిన తలుపులోంచి పెరట్లో వంగి గాజుముక్కలు ఏరుకుంటున్న కూతురు కనిపిస్తోంది. మునెమ్మ రెండు చేతులూ వాటంతట అవే లేచి ఒకదానికొకటి ఆనుకున్నాయి. కళ్లు మాత్రం మూసుకోలేదు.